పడవకు మోటరు మార్చేముందు టేపు పట్టండి

పడవ మోటరు పాడైతే మనవాళ్లు ముందుగా అడిగేది "ఎన్ని హెచ్‌పీ తేవాలె?" అని. ముందు చూడాల్సింది మాత్రం షాఫ్టు, అంటే ఇంజన్ నుంచి ప్రొపెల్లర్ వైపు కిందకు దిగే కాడ, దాని పొడవు. ఎనిమిది హెచ్‌పీ సరిపోయే చోట పది తెస్తే పెట్రోలు కాస్త ఎక్కువ తాగుతుంది, అంతకు మించి నష్టం లేదు. షాఫ్టు తప్పుగా తెస్తే ఆ మోటరు ఆ పడవకు ఎన్నటికీ కుదరదు. మళ్లీ అమ్ముకోవాలంటే సగం ధరే వస్తుంది.

కొలత ఇలా తీయాలి. పడవను ఒడ్డు మీద సమంగా నిలపండి. మోటరు బిగించే వెనక పలకకు సరిగ్గా నడుమ, పై అంచు నుంచి పడవ అడుగు దాకా నిలువుగా టేపు దించండి. అడుగు లోపలికి వంపు తిరిగి టేపుకు అందకపోతే, ఒక సాపు చెక్కపట్టీని అడుగుకు ఆనించి వెనక్కి చాపి, టేపును ఆ పట్టీ దాకా దించితే సరి. పలక పక్కన కొలవొద్దు. అడుగు నడుమ లోతుగా ఉన్న పడవల్లో పక్కకూ నడుమకూ రెండు మూడు ఇంచుల తేడా ఉంటుంది, తప్పంతా అక్కడే జరుగుతుంది.

14 నుంచి 16½ ఇంచులు వస్తే మీకు కావాల్సింది షార్ట్ షాఫ్ట్, అంటే 15 ఇంచులది. 19 నుంచి 21½ వస్తే లాంగ్ షాఫ్ట్, 20 ఇంచులది. మోడల్ పేరు చివర కంపెనీలు ఎస్, ఎల్ అని రాసేది దీన్నే. 17, 18 ఇంచులు వచ్చిందంటే పడవ కట్టినవాళ్లు ఏ మోటరునూ లెక్కలో పెట్టుకోలేదన్నట్టు. అప్పుడు లాంగ్ షాఫ్ట్ తెచ్చి పలక మీద రెండు ఇంచుల గట్టి టేకు దిమ్మె బోల్టులతో బిగించడం మేలు. షార్ట్ షాఫ్ట్ కోసం పలకను కోసి దించితే వెనక నుంచి అల లోపలికి వస్తుంది.

బిగించాక సరిచూసుకునే గుర్తు ఒకటుంది. ప్రొపెల్లర్‌కు కొంచెం పైన, నీళ్లకు అడ్డంగా బల్లపరుపుగా ఉండే రెక్క కనిపిస్తుంది. మెకానిక్‌లు దాన్ని కావిటేషన్ ప్లేట్ అంటారు. అది పడవ అడుగుకు సమానంగా గాని, ఒక ఇంచు కిందకు గాని ఉండాలి. పైకి ఉంటే అల వచ్చినప్పుడల్లా ప్రొపెల్లర్ గాలి గుంజుకుని ఇంజన్ ఊరికే అరుస్తుంది, పడవ మాత్రం కదలదు. మరీ కిందకు ఉంటే నీటి ఒత్తిడికి పెట్రోలు వృథా అవుతుంది, ఒడ్డు దగ్గర బురదలో దిగబడుతుంది.

టేపు చేతిలో ఉండగానే ఆ పలక గట్టిదనం కూడా చూడండి. ఫైబర్ పడవల్లో వెనక పలక లోపల ప్లైవుడ్ ఉంటుంది. పాత బోల్టు రంధ్రాల నుంచి నీళ్లు దిగి అది లోలోపలే మురుగుతుంది, బయటి ఫైబర్ మాత్రం కొత్తదానిలా కనిపిస్తుంది. స్క్రూడ్రైవర్ పిడితో పలకంతా కొట్టి వినండి. మంచి చోట టక్ టక్ అని మోగుతుంది, మురిగిన చోట తడి అట్ట మీద కొట్టినట్టు మెత్తగా వస్తుంది. పాత మోటరు ఇంకా దాని మీదే ఉంటే, మోటరు కింది భాగం పట్టి ముందుకు వెనక్కు ఊపండి. మోటరుతో పాటు పలక కూడా ఊగితే ముందు పలక బాగు చేయించాలి. ఈ పని వాయిదా వేసి కొత్త మోటరు బిగిస్తే, అది బరువైనదైన కొద్దీ పలక చీలడం ఖాయం. టూ స్ట్రోక్ (పెట్రోలులోనే ఆయిల్ కలిపి నడిపేది) 9.9 హెచ్‌పీ మోటరు బరువు దాదాపు 36 నుంచి 40 కిలోలు, అదే హెచ్‌పీలో ఫోర్ స్ట్రోక్ 40 నుంచి 50 కిలోలు.

మీ నీళ్లు ఎలాంటివి?

సముద్రం మీద పనికొచ్చిన సలహా మన తెలంగాణ రిజర్వాయర్లు, చెరువుల్లో పనికిరాకపోవచ్చు. శ్రీరాంసాగర్ నీళ్లు నిండినప్పుడు చిన్న సముద్రంలా ఉంటాయి. మధ్యాహ్నం గాలి లేస్తే ఎదురు అల కొట్టి పడవ ముందుకు సాగదు. అక్కడ బలం కాస్త ఎక్కువ ఉండాలి. మిడ్ మానేరులో లెక్క వేరే. మునిగిన ఊళ్ల చెట్ల మోడులు, గోడలు నీటి కిందే ఉన్నాయి. నీళ్లు నిండుగా ఉన్నప్పుడు వాటి మీదుగా సాఫీగా పోయిన పడవే, మట్టం దిగాక అదే దారిలో ప్రొపెల్లర్ విరగ్గొట్టుకుంటుంది. కరీంనగర్ లోయర్ మానేరులో, ఎల్లంపల్లిలో ఎండాకాలం నీళ్లు వెనక్కి పోయి బురద మేటలు బయటపడతాయి. వరంగల్, ములుగు వైపు చెరువుల్లో గుర్రపుడెక్క, నాచు అడ్డం. పాకాల అభయారణ్యం లోపలి చెరువు కాబట్టి, అక్కడ మోటరు మాట ఎత్తేముందే అటవీశాఖను అడగాలి.

మోడులున్న నీళ్లలో తిరిగేవాళ్లు స్టీలు ప్రొపెల్లర్ జోలికి పోవద్దు. అల్యూమినియం రెక్క మోడుకు తగిలితే వంగుతుంది, విరుగుతుంది, దెబ్బ దానితోనే ఆగుతుంది. స్టీలు రెక్క వంగదు, ఆ దెబ్బ లోపలి గేర్లకు పోతుంది. ప్రొపెల్లర్ మార్చడం పది నిమిషాల పని, గేర్లు మార్చాలంటే వారాల తరబడి పడవ ఒడ్డునే ఉంటుంది.

హెచ్‌పీ లెక్క

18 అడుగుల ఫైబర్ పడవ అనుకుందాం. పడవ బరువు 250 కిలోలు, ముగ్గురు మనుషులు 200, వలలు, ఐసు పెట్టె, ట్యాంకు కలిపి 150, చేపలు 200. మొత్తం 800 కిలోలు. ఈ లెక్క చేపలు పడిన రోజుకు వేయాలి, ఖాళీ పడవకు వేయొద్దు.

నీటిని చీల్చుకుంటూ పోయే పడవకు పొడవును బట్టి ఒక వేగం హద్దు ఉంటుంది. మీటర్లలో పొడవుకు వర్గమూలం తీసి నాలుగున్నరతో గుణిస్తే గంటకు ఎన్ని కిలోమీటర్లో వస్తుంది. 18 అడుగులంటే అయిదున్నర మీటర్లు, హద్దు దాదాపు పదిన్నర కిలోమీటర్లు. నిలకడ నీళ్లలో టన్నుకు 4, 5 హెచ్‌పీ ఉంటే ఆ వేగానికి దగ్గరగా చేరుకోవచ్చు. ఎదురుగాలికి ఇంకో అంత కలుపుకుంటే మన 800 కిలోల పడవకు 8 లేదా 9.9 హెచ్‌పీ నిండుగా సరిపోతుంది.

ఆ హద్దు దాటాలంటే పడవ నీటి మీదకు లేచి జారుతూ పోవాలి. దానికి సుమారు 25 కిలోలకు ఒక హెచ్‌పీ చొప్పున లెక్క, అంటే 800 కిలోలకు 30 హెచ్‌పీ దాటాలి. మధ్యలో 15 హెచ్‌పీ కొన్నవాళ్ల పరిస్థితి ఏమిటంటే, పూర్తి థ్రాటిల్ (యాక్సిలరేటర్) ఇస్తే పడవ వెనక భాగం కుంగి, ముక్కు ఆకాశం చూస్తుంది, వెనక పెద్ద అల లేస్తుంది, వేగం మాత్రం కిలోమీటరో రెండో పెరుగుతుంది. ఆ అదనపు పెట్రోలంతా అల లేపడానికే పోతుంది. 15 హెచ్‌పీ తీసుకోవడానికి సరైన కారణం ఒక్కటే: పడవ తేలిక, ఇద్దరే మనుషులు, దూరం ఎక్కువ.

వల వేసే చోటు ఆరు కిలోమీటర్ల దూరం అనుకోండి. పోయి రావడం పన్నెండు. ఫోర్ స్ట్రోక్ 9.9ను మూడింట రెండు వంతుల థ్రాటిల్ మీద గంటకు 9 కిలోమీటర్లతో నడిపితే గంటకు రెండు లీటర్లు పట్టినా ప్రయాణానికి మూడు లీటర్ల లోపే. పూర్తి థ్రాటిల్ మీద 11 కిలోమీటర్లతో పోతే గంటకు మూడున్నర లీటర్లు దాటుతుంది, ప్రయాణానికి నాలుగు లీటర్లు. మిగిలే సమయం పావుగంట. లీటరు నూరు రూపాయలు దాటిన రోజుల్లో ఆ పావుగంట ఖరీదు మీరే లెక్క కట్టుకోండి.

టూ స్ట్రోకా, ఫోర్ స్ట్రోకా

టూ స్ట్రోక్ తేలిక, విప్పడం సులువు, బైకు మెకానిక్ కూడా తలకాయ విప్పి చూడగలడు. పెట్రోలు ఎక్కువ తాగుతుంది, పూర్తి థ్రాటిల్ మీద హెచ్‌పీకి గంటకు అర లీటరు పైనే. ఫోర్ స్ట్రోక్‌కు హెచ్‌పీకి గంటకు 0.33 నుంచి 0.4 లీటరు సరిపోతుంది. వారానికి ఆరు రోజులు తిరిగే పడవకు ఫోర్ స్ట్రోక్ మీద ఎక్కువ పెట్టిన డబ్బు పెట్రోలులోనే తిరిగి వస్తుంది. ఏడాదిలో మూడు నాలుగు నెలలే తిరిగేవాళ్లకు, మోటరును రోజూ భుజం మీద మోసి ఇంటికి తెచ్చుకునేవాళ్లకు టూ స్ట్రోక్ మేలు. ఫోర్ స్ట్రోక్‌ను ఏ పక్కన పడితే ఆ పక్కన పడుకోబెడితే ఆయిల్ సిలిండర్‌లోకి పోతుంది. ఏ పక్క కిందకు ఉండాలో మోటరు మీదే గుర్తు ఉంటుంది, అది చూసి ఆటోలో వేయండి.

టూ స్ట్రోక్‌కు మామూలుగా 50:1, అంటే లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్ల ఆయిల్. డబ్బా మీద టీసీ-డబ్ల్యూ3 అని ఉండాలి. బైకు టూటీ ఆయిల్ పోస్తే నడవదని కాదు. గాలితో చల్లబడే బైకు ఇంజన్ కోసం చేసిన ఆయిల్ నీటితో చల్లగా నడిచే మోటరులో సరిగా కాలదు, ప్లగ్గు, రింగుల మీద మసి కట్టి రింగులు అతుక్కుంటాయి.

తీరం నుంచి తక్కువ ధరకు వచ్చే కిరోసిన్ మోటర్లు కూడా కనిపిస్తాయి. ఇక్కడ కిరోసిన్ దొరకడమే కష్టం. వాటి కంప్రెషన్ తక్కువగా పెట్టి ఉంటారు, కాబట్టి పెట్రోలు పోసి నడిపితే తాగుడు ఎక్కువ, బలం తక్కువ. వదిలేయండి.

ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. చాలా మోటర్ల మాన్యువల్‌లో 10 శాతం దాటొద్దని రాసి ఉంటుంది. అందుకే కొనే మోటరు ఈ20కి తట్టుకుంటుందా లేదా బిల్లు మీదనో, లెటర్ హెడ్ మీదనో రాయించుకోండి. ఇథనాల్ గాలిలోని తేమను గుంజుకుంటుంది. రిజర్వాయర్ ఒడ్డున సగం ఖాళీ ట్యాంకు నెల రోజులు ఉంటే నీళ్లు, ఇథనాల్ కలిసి అడుగున వేరే పొరగా దిగుతాయి, కార్బురేటర్‌కు ముందు పోయేది ఆ పొరే. పాత రబ్బరు పైపులు మెత్తబడి లోపలి నుంచి పొరలు ఊడుతాయి. ట్యాంకుకూ మోటరుకూ మధ్య నీటిని వేరు చేసే ఫిల్టర్ ఒకటి పెట్టించండి. వారం రోజులు పడవ తీయనప్పుడు, పెట్రోలు పైపు విప్పి మోటరును దానంతట అదే ఆగేదాకా నడిపి కార్బురేటర్ ఖాళీ చేయండి.

లాంగ్ టెయిల్ కూడా లెక్కలో పెట్టుకోండి

బురద, నాచు, మోడులు ఎక్కువున్న చోట 6.5 హెచ్‌పీ గాలితో చల్లబడే పెట్రోల్ ఇంజన్‌కు పొడుగాటి షాఫ్టు తగిలించిన లాంగ్ టెయిల్ మోటరు చాలామందికి అవుట్‌బోర్డ్ (ఇప్పటిదాకా చెప్పిన, వెనక పలకకు బిగించే మోటరు) కంటే ఎక్కువ అక్కరకొస్తుంది. ఇంజన్‌ను చల్లబరిచే నీటి పంపు ఉండదు కాబట్టి ఇంపెల్లర్ (ఆ పంపులో తిరిగే రబ్బరు రెక్కల చక్రం) గొడవ లేదు. ఒక్క అడుగు లోతు నీళ్లలో కూడా షాఫ్టును పైకెత్తి పోవచ్చు. అన్నిటికంటే ముఖ్యం, అలాంటి ఇంజన్‌ను పవర్ వీడర్లలో, స్ప్రే పంపుల్లో రోజూ బాగుచేసే మనిషి ప్రతి మండల కేంద్రంలో ఉంటాడు. అవుట్‌బోర్డ్ సామాను కోసమైతే హైదరాబాద్‌కో, కాకినాడ, విశాఖ వైపో ఫోను చేయాలి.

లోటుపాట్లు లేకపోలేదు. రివర్స్ ఉండదు, చప్పుడు ఎక్కువ, నాలుగు గంటలు నడిపితే భుజం పట్టేస్తుంది, వెనక పొడుగ్గా చాచిన షాఫ్టు వల గుంజేటప్పుడు అడ్డం పడుతుంది. లోతు నీళ్లు, దూర ప్రయాణం ఉన్న శ్రీరాంసాగర్ లాంటి చోట అవుట్‌బోర్డే నయం.

సెకండ్ హ్యాండ్ చూసేటప్పుడు

ముందుగా కవర్ తీయండి. సముద్రంలో తిరిగిన మోటరైతే బోల్టుల చుట్టూ, అల్యూమినియం మీద తెల్లటి పొడి పూసి ఉంటుంది. పై రంగు కొత్తగా వేసినా బోల్టు సందుల్లో అది దాగదు. ఉప్పు లోపలి నీటి దారుల్లో పేరుకుపోయి ఉంటే మీ మంచినీటి రిజర్వాయర్‌లో కూడా మోటరు వేడెక్కుతూనే ఉంటుంది. తీరం నుంచి వచ్చిన మోటరుకు కింద జింకు ముక్క ఉంటుంది, అది మంచినీళ్లలో సరిగా పనిచేయదు. మెగ్నీషియం ముక్క అడిగి మార్పించుకోండి.

తరవాత గేర్ ఆయిల్. కింద గేర్ పెట్టెకు రెండు స్క్రూలు ఉంటాయి. కింది స్క్రూ కొంచెం వదులు చేసి నాలుగు చుక్కలు వేలి మీద పట్టండి. నల్లగా ఉంటే పాతబడింది, అంతే. పాలు పోసిన చాయ్ రంగులో ఉంటే నీళ్లు దిగుతున్నాయి. మొదటి చుక్క నీళ్లే వస్తే ఇంకా పాతకాలపు లీకు. కారణం చాలాసార్లు ప్రొపెల్లర్ వెనకే దొరుకుతుంది. నట్టు విప్పి ప్రొపెల్లర్ లాగి చూడండి. సన్నటి వల దారం షాఫ్టుకు ఉండలా చుట్టుకుని సీలును కోసేస్తుంది. దారం తీసి సీలు మార్చి ఆయిల్ పోస్తే చాలు, ఇది పెద్ద రోగం కాదు. కానీ అలాగే ఎన్నాళ్లు నడిపారో ఆయిల్‌లో మెరిసే లోహపు పొడి చెప్తుంది. రజను మెరిస్తే గేర్లు అరిగినట్టే, బేరం ఆపండి.

ప్రొపెల్లర్ తీసి ఉన్నప్పుడే షాఫ్టు వంకర చూడాలి. న్యూట్రల్‌లో పెట్టి, షాఫ్టు కొసకు ఒక పుల్లను దగ్గరగా ఆనించి పట్టి చేత్తో తిప్పండి. పుల్లకూ షాఫ్టుకూ మధ్య సందు పెరుగుతూ తరుగుతూ ఉంటే మోడుకు తగిలి వంగిందన్నట్టు.

కంప్రెషన్ గేజి దొరికితే రెండు ప్లగ్గులూ విప్పి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి, తాడు ఐదారు సార్లు గట్టిగా గుంజి కొలవండి. అంకె ఎంత అన్నదానికంటే రెండు సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం. పది, పదిహేను శాతం దాటితే ఒక సిలిండర్ పోయింది.

ఇక స్టార్ట్ చేసి చూడటం. 200 లీటర్ల డ్రమ్ములో కావిటేషన్ ప్లేట్ మీద నాలుగు ఇంచులు నీళ్లు ఉండేలా నింపి మోటరు దించండి, ప్రొపెల్లర్ తీసే ఉంచండి. స్టార్ట్ అయిన పది పదిహేను సెకన్లలో వెనక చిన్న రంధ్రం నుంచి నీటి ధార రావాలి. నీళ్లు లేకుండా "ఒక్కసారి తాడు గుంజి చూపిస్త" అనే అమ్మకందారును అక్కడే ఆపండి. రబ్బరు ఇంపెల్లర్ పొడిగా తిరిగితే సెకన్లలోనే దాని రెక్కలు చినిగి, ఆ ముక్కలు పైకి పోయి నీటి దారి మూస్తాయి. పావుగంట నడిపి, ఆపి, మళ్లీ వేడి మీదే స్టార్ట్ చేయించండి. చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ అయ్యి వేడి మీద మొరాయించేవి చాలా ఉంటాయి. ఎర్రతాడు (నడిపే మనిషి ఒంటికి తగిలించుకునే, ఇంజన్ ఆపే స్విచ్ తాడు) లాగితే ఇంజన్ వెంటనే ఆగాలి. ఆ స్విచ్ పనిచేయని మోటరుతో ఒంటరిగా నీళ్లలోకి పోవడం ప్రాణం మీదకు తెచ్చుకోవడమే. మనిషి జారి పడితే పడవ చుట్టూ తిరిగి ప్రొపెల్లర్‌తో మీదకే వస్తుంది.

మోటరు మీది నంబరు ప్లేటు చెరిపేసి ఉంటే, బిల్లు లేకపోతే ఎంత చవకైనా వద్దు.

ప్రొపెల్లర్ పిచ్

కొత్త మోటరుతో వచ్చే ప్రొపెల్లర్ తేలిక పడవ కోసం ఉద్దేశించినది. 9 ఇంచుల పిచ్ అంటే ఒక్కసారి తిరిగితే లెక్కకు 9 ఇంచులు ముందుకు పోవాలి. నిమిషానికి 5,500 తిరిగే ఇంజన్, సుమారు 2.08 గేర్ నిష్పత్తితో లెక్క వేస్తే అది గంటకు 36 కిలోమీటర్ల ప్రొపెల్లర్. మన పడవ పోయేది పది. మిగతా అంతా నీళ్లలో జారుడు, ఇంజన్‌కు మోయలేని బరువు. వలల పడవకు 7, 7½ ఇంచుల పిచ్ దొరికితే తప్పక మార్చండి. పిచ్ ఒక ఇంచు తగ్గితే ఇంజన్ నిమిషానికి దాదాపు 200 చుట్లు పెరుగుతుంది. ప్లగ్గు వైరుకు చుట్టే చిన్న ఆర్‌పీఎం మీటరు తెచ్చి, నిండు బరువుతో పూర్తి థ్రాటిల్ మీద మాన్యువల్‌లో రాసిన హద్దు, ఫోర్ స్ట్రోక్ చిన్న మోటర్లలో సాధారణంగా 5,000 నుంచి 6,000, దాని మధ్యకు చేరుతుందో లేదో చూడండి. ఎప్పుడూ 4,500 దాటకపోతే ఇంజన్ గుండె మీద బరువు పెట్టినట్టే, కొన్నాళ్లకు పిస్టన్ చెప్తుంది.

ఇంజన్ బాగా అరుస్తూ పడవ కదలకపోతే పిచ్ తప్పని తొందరపడొద్దు. ప్రొపెల్లర్ నడుమ రబ్బరు బుష్ జారి ఉండొచ్చు. బుష్ మీదా, రెక్కల బాడీ మీదా కలిపి ఒక మార్కర్ గీత గీసి నడిపి చూడండి. గీత విడిపోతే బుష్ పోయింది.

సబ్సిడీ, సామాను

2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన వ్యక్తిగత పథకాల్లో జనరల్ వాళ్లకు 40 శాతం, ఎస్సీ, ఎస్టీ, మహిళలకు 60 శాతం సహాయం పెట్టారు. మీ సొసైటీ ద్వారా జిల్లా మత్స్యశాఖ కార్యాలయంలో ఈ ఏడు మోటరు దేని కింద వస్తుందో, మంజూరుకు ముందు కొన్న బిల్లు చెల్లుతుందో లేదో అడిగాకే డబ్బు కట్టండి.

డీలరును ఒక మాట అడగండి: ఇంపెల్లర్ కిట్, ప్రొపెల్లర్, స్టార్టర్ తాడు ఇవాళ షాపులో ఉన్నాయా? ఉంటే బిల్లులోనే కలిపి కొనండి. వీటితో పాటు రెండు ప్లగ్గులు, ఒక పెట్రోలు ఫిల్టర్, ప్రొపెల్లర్ నట్టు, దాని పిన్ను పడవలో డబ్బాలో ఉండాలి. ఇసుక, బురద కలిసిన నీళ్లలో ఇంపెల్లర్ ఏడాదికి మించి నమ్మదగింది కాదు.

బిగింపు, మొదటి పది గంటలు

మోటరును పలక నడుమ పెట్టి క్లాంపు స్క్రూలు చేతి బలంతో బిగించండి. ఆ తరవాత క్లాంపుకున్న రంధ్రాల గుండా రెండు బోల్టులు పలకకు ఆరపార వేయండి. రంధ్రాల్లో సీలెంట్ నింపడం మరవొద్దు, పాత పలక మురిగింది ఆ రంధ్రాల నుంచే. ఇంకా ఒక గొలుసు మోటరుకూ పడవకూ కట్టాలి, స్క్రూలు ఊడినా మోటరు నీళ్ల పాలు కాకుండా.

నడిపినప్పుడు ముక్కు మరీ లేస్తే మోటరు వాలు సరిచేసే పిన్నును ఒక రంధ్రం పడవ వైపు మార్చండి, ముక్కు నీళ్లలోకి దిగుతుంటే ఒక రంధ్రం వెనక్కి. టూ స్ట్రోక్‌కు మొదటి పది గంటలు మాన్యువల్ చెప్పినట్టు ఆయిల్ రెట్టింపు, అంటే చాలా మోటర్లకు లీటరుకు 40 మిల్లీలీటర్లు. ఏదైనా సరే మొదటి గంట సగం థ్రాటిల్ దాటొద్దు, ఆ తరవాత కూడా పదో గంట దాకా ఒకే వేగంలో ఎక్కువసేపు ఉంచకుండా హెచ్చుతగ్గులుగా నడపండి. ఫోర్ స్ట్రోక్‌కు ఇరవై గంటల లోపు మొదటి ఇంజన్ ఆయిల్ మార్చాలి, రెండు రకాలకూ అప్పుడే గేర్ ఆయిల్ కూడా. గేర్ ఆయిల్ పోసేది కింది రంధ్రం నుంచి, పై రంధ్రంలో పొంగి వచ్చేదాకా. పొంగాక ముందు పై స్క్రూ బిగించి, తరవాతే కింద ట్యూబు తీసి ఆ స్క్రూ బిగించండి. పై నుంచి పోస్తే గాలి బుడగ లోపల ఉండిపోయి పై గేరుకు ఆయిల్ అందదు.